ఆటిక్ ఎక్కాకే ఆఫర్



డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి, గార్లండ్‌లోనో మెస్కీట్‌లోనో ఓ పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు శనివారం పొద్దున్నే టైల్స్ షాపులో తేలతారు. వంటగట్టుకి తెల్ల క్వార్ట్జ్ వేయాలా, బూడిదరంగు చార ఉన్నది వేయాలా అని వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా చర్చ. చేసుకోండి, అదీ అవసరమే. కానీ అదే బడ్జెట్ కాగితంలో ఏసీ దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క వరస కనిపిస్తుంది: "ఏసీ, 6,500 డాలర్లు." ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అంటే, "మా ఆఫీసులో ఒకాయన నాలుగైదేళ్ల కిందట వేయించుకున్నాడు, ఆయన చెప్పాడు" అంటారు. ఈ పూట నా మాటలన్నీ ఆ ఒక్క వరస గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమ్మకానికి బాగుచేసే ఇంట్లో ఏసీ, హీటింగ్ ఖర్చు ఇల్లు కొన్నాక తీరిగ్గా వేసుకునే లెక్క కాదు. ఆఫర్ పెట్టకముందే తేలాల్సిన లెక్క. కొనకముందు తెలిస్తే ఆ ఖర్చు పాత యజమాని ధరలోంచి తగ్గుతుంది. కొన్నాక తెలిస్తే మన లాభంలోంచి పోతుంది. అమ్మేటప్పుడు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ నోట తెలిసిందా, ఇంకా ఎక్కువే పోతుంది.

ఇక్కడి పాత ఇళ్ల తీరు మీకు తెలిసిందే. 1960ల్లో, 70ల్లో కట్టిన ఒంటి అంతస్తు ఇటుక ఇళ్లు. కింద కాంక్రీటు స్లాబు, బేస్‌మెంట్ ఉండదు. అందుకని గాలి గొట్టాలు, అంటే డక్టులన్నీ, పైన ఆటిక్‌లోనే ఉంటాయి. ఫర్నేస్ కూడా ఆటిక్‌లోనో, హాలు పక్కన చిన్న క్లోజెట్‌లోనో నిలబడి ఉంటుంది. జులై మధ్యాహ్నం ఆ ఆటిక్‌లో వేడి 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోతుంది. అంత వేడిలో ఎవరెక్కుతారు? రియల్టర్ ఎక్కడు, భాగస్వాములు ఎక్కరు. అందరూ కింద నిలబడి ఏ గోడ కొట్టేయాలో మాట్లాడుకుంటారు. వంటపొయ్యి ఆగ్నేయంలో ఉందా లేదా అని ఫోన్‌లో దిక్సూచి తీసి మరీ చూసే మనం, నడినెత్తిన ఆటిక్‌లో ఉన్న పొయ్యి ఏ ఏడాదిదో చూడం.

చూడటం కష్టమేమీ కాదు. బయటి యూనిట్ పక్కనో వెనకో ఒక రేకు ఉంటుంది, దాని మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు. ఎండకి అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి కాబట్టి కంటితో తంటాలు పడకండి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. మోడల్ నంబరు మధ్యలో 024, 030, 036, 042, 048, 060 వీటిలో ఏదో ఒకటి దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. దాన్ని 12తో భాగిస్తే టన్నులు వస్తాయి. 042 అంటే మూడున్నర టన్నులు. ఏసీ టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోడే శక్తి. 2,000 పౌండ్ల ఐసు ఒక రోజులో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత. ఐసు దిమ్మలతో చల్లబరుచుకున్న కాలం పోయినా కొలత మాత్రం మిగిలింది.

సీరియల్ నంబరులో పుట్టిన తేదీ ఉంటుంది. క్యారియర్ వాళ్లవైతే మొదటి నాలుగు అంకెలు వారం, ఏడాది. 2309 అని మొదలైతే 2009లో 23వ వారం. గుడ్‌మ్యాన్ వాళ్లు ముందు ఏడాది, తర్వాత నెల వేస్తారు. 1106 అంటే 2011 జూన్. మిగతా కంపెనీల పద్ధతి నెట్‌లో వెతికితే దొరుకుతుంది. బయటి యూనిట్‌తో ఆగకండి. లోపలి కాయిల్, ఫర్నేస్ వేరే ఏళ్లవి కావచ్చు. బయట 2016ది మెరుస్తూ ఉంటే, లోపల 1998 నాటి ఫర్నేస్ ఉండటం ఈ ఊళ్లలో మామూలే. ఎవరో ఒకప్పుడు పాడైనదాన్ని మాత్రమే మార్చి చేతులు దులుపుకుని ఉంటారు.

అదే రేకు మీద లోపలున్న గ్యాస్ పేరు కూడా ఉంటుంది. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, కొంచెం నిదానంగా చెబుతాను. ఆర్-22 అని ఉంటే ఆ యంత్రం 2010కి ముందుది అనుకోవచ్చు. 2020 జనవరి 1 నుంచి ఆ గ్యాస్‌ని అమెరికాలో కొత్తగా తయారుచేయడం, దిగుమతి చేసుకోవడం రెండూ ఆగిపోయాయి. పాత యంత్రాల్లోంచి తీసి శుద్ధిచేసిందే ఇప్పుడు దొరుకుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. ఇవాళ బాగానే నడుస్తోంది కదా అని ఇంటి ధర కట్టేటప్పుడు దానికి విలువ ఇవ్వకండి. నా లెక్కలో దాని విలువ సున్నా.

ఆర్-410ఏ అని ఉంటే కథ వేరు. అది ఇటీవలి దాకా కొత్త యంత్రాల్లో వచ్చిన గ్యాసే. అయితే 2020లో కాంగ్రెస్ చేసిన ఎయిమ్ చట్టం కింద, భూమిని వేడెక్కించే గుణం ఎక్కువున్న గ్యాసులకు పరిమితి పెట్టారు. ఇళ్లకు వేసే కొత్త ఏసీలకు ఆ పరిమితి 700. ఆర్-410ఏకి ఆ అంకె 2,088. అందుకని 2025 జనవరి 1 నుంచి ఆ గ్యాస్‌తో కొత్త సిస్టమ్‌ల తయారీ ఆగింది. ఉన్న సరుకును అమర్చుకోవడానికి తొలుత పెట్టిన గడువు 2026 జనవరి 1. వాటి స్థానంలో ఆర్-454బి, ఆర్-32 వచ్చాయి. ఇవి కొద్దిగా మండే స్వభావం ఉన్నవి, కాబట్టి చాలా సిస్టమ్‌లకు లోపలి కాయిల్ దగ్గర లీకు పసిగట్టే సెన్సర్ కూడా జతచేస్తున్నారు.

మన బడ్జెట్‌కి దీంతో పనేమిటంటారా? కొత్త గ్యాస్‌తో వచ్చే బయటి యూనిట్‌ని పాత కాయిల్‌కి తగిలించడానికి కుదరదు. "బయటిదొక్కటే మార్చేద్దాం, లోపలిది తర్వాతివాళ్లు చూసుకుంటారు" అనే పాత ఉపాయం కొత్త గ్యాస్ యంత్రాలతో చెల్లదు. పాత 410ఏ సిస్టమ్‌ని రిపేరు చేసుకోవడానికి విడిభాగాలు దొరుకుతాయి, అది వేరే మాట. కొత్త గ్యాస్‌కి మారడమంటూ మొదలుపెడితే బయటా లోపలా కలిపి జతగా మార్చాల్సిందే.

ఇంతకీ ఆ ఆఫీసు పెద్దమనిషి చెప్పిన 6,500 ఉంది చూశారూ, అది ఈ గ్యాస్ మార్పుకి ముందుది. 2023 జనవరి 1న వచ్చిన, ఏసీల కరెంటు పొదుపును కొలిచే సీర్2 నిబంధనకి కూడా ముందుది. ఆ రోజు నుంచి టెక్సస్ లాంటి దక్షిణ రాష్ట్రాల్లో 45,000 బీటీయూల లోపు స్ప్లిట్ ఏసీలకు కనీసం 14.3 సీర్2 ఉండాలి, అంతకు పైవాటికి 13.8. ఉత్తర రాష్ట్రాల్లో 13.4 చాలు. కాబట్టి ఒహాయోలో ఉన్న బావమరిది చెప్పిన ధర కూడా ఇక్కడ పనికిరాదు. ఆయనకి అక్కడ వేసిన యంత్రాన్ని ఇక్కడ వేయడానికి చట్టం ఒప్పుకోకపోవచ్చు. పాత అంకెలు, పక్క రాష్ట్రం అంకెలు రెండూ పక్కన పెట్టి, ఈ నెలలో ఈ ఊళ్లో ఈ ఇంటికి రాయించిన ఎస్టిమేట్ మాత్రమే నమ్మండి.

ఇప్పుడు డక్టుల దగ్గరికొద్దాం. బడ్జెట్లు తలకిందులయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఎనర్జీ స్టార్ వాళ్ల మాట ప్రకారం మామూలు ఇంట్లో డక్టుల్లో నడిచే గాలిలో 20 నుంచి 30 శాతం దారిలోనే కారిపోతుంది. మన ఇళ్లలో అది కారిపోయేది మండిపోతున్న ఆటిక్‌లోకి. ఆటిక్‌లో టార్చి వేసి చూడండి. గొట్టం పైన ప్లాస్టిక్ పొర ఎండి చిట్లిపోయి, లోపలి పీచు బయటికి వేలాడుతుంటుంది. క్రిస్మస్ సామాను అట్టపెట్టెలు మోయలేక నలిగిపోయిన మలుపులుంటాయి. గొట్టం, పెట్టె కలిసేచోట చుట్టిన బూడిదరంగు టేపు ఊడి వేలాడుతుంటుంది. జాయింటు పక్కన ఇన్సులేషన్ నల్లబడి ఉందంటే అక్కడ ఏళ్ల తరబడి గాలి కారుతూ, దుమ్మంతా ఆ పీచులో పట్టిందన్నమాట. అలాంటి మచ్చలు రెండు మూడు కనిపిస్తే డక్టులన్నీ మార్చే ఖర్చు రాసుకోండి. అతుకులతో సరిపెడదామనుకుంటే, సీలింగ్ షీట్‌రాక్ కొత్తది వేసి రంగు వేశాక మళ్లీ కోయాల్సి వస్తుంది.

హాల్లో ఉన్న రిటర్న్ జాలీ కూడా చూడండి, గదుల్లోని గాలి వెనక్కి వెళ్లే దారి అది. టన్నుకి నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి ఆడాలనేది ఈ పనివాళ్ల వాడుక లెక్క. మూడున్నర టన్నులకి 1,400 అయింది. ఏనాడో రెండున్నర టన్నులకి కోసిన జాలీలోంచి అంత గాలి లాగితే, ఏసీ ఈల వేస్తుంది, కాయిల్ మీద మంచు గడుతుంది, కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. కొత్త యంత్రం పెట్టాక "చల్లగా రావట్లేదండీ" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. రిటర్న్ పెద్దది చేయించడం పెద్ద ఖర్చు కూడా కాదు, గోడలు తెరిచి ఉన్నప్పుడు చేస్తే.

చిల్లర పనులు కొన్నున్నాయి. బయట కరెంటు డిస్‌కనెక్ట్ పెట్టె, బ్రేకర్ సైజు, ఆటిక్‌లో నీళ్లు పట్టే పళ్లెం, ఆ పళ్లెం నిండితే మిషను ఆపేసే ఫ్లోట్ స్విచ్, గ్యాస్ పైపు, పొగ గొట్టం, ఫర్నేస్ దాకా నడవడానికి చెక్క బాట, అక్కడో లైటు, సిటీ పర్మిట్. ఒక్కొక్కటి చిన్నదే. అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతాయి. పర్మిట్ తీసుకుంటే ఇన్‌స్పెక్టర్ ఇవన్నీ అడుగుతాడు. తీసుకోకపోతే కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు.

లెక్క ఎలా దెబ్బతింటుందో ఊహకి ఒక ఇల్లు అనుకుందాం. అంకెలు ఉదాహరణకే సుమా. బాగుచేశాక 3 లక్షల డాలర్లకి అమ్ముడుపోతుందనుకున్న ఇల్లు. ఫ్లిప్పులు, అంటే ఇలా కొని బాగుచేసి అమ్మే పని, చేసేవాళ్లు వాడే 70 శాతం సూత్రం ఒకటుంది. 3 లక్షల్లో 70 శాతం 2,10,000. అందులోంచి రిపేర్లకి 55,000 తీసేస్తే కొనాల్సిన ధర 1,55,000. అమ్మాక కమిషన్లు, క్లోజింగు ఖర్చులు 24,000 పోయాయి. అప్పు మీద వడ్డీ, పాయింట్లు, పన్ను, ఇన్సూరెన్సు, కరెంటు అన్నీ కలిపి 22,000 పోయాయి. మిగిలేది 44,000. ఇద్దరు భాగస్వాములు. ఇప్పుడు ఆ 55,000లో ఏసీకి రాసుకున్నది 6,500. నిజంగా వచ్చిన ఎస్టిమేట్ చూస్తే, యంత్రాలు, అమర్చే కూలి 9,500, డక్టులు 4,000, ఇందాక చెప్పిన చిల్లర పనులు 1,500, అనుకోని వాటికి పక్కన పెట్టాల్సింది ఇంకో 1,500. మొత్తం 16,500. తేడా సరిగ్గా 10,000. ఆరు నెలల శనివారాలు ధారపోసి సంపాదించిన లాభంలో దాదాపు నాలుగో వంతు ఒక్క వరసలో పోయింది. అదే 10,000 ఆఫర్‌కి ముందు తెలిసి ఉంటే 1,45,000 అని రాసి పంపేవాళ్లం. ఒప్పుకుంటే ఒప్పుకునేవాళ్లు, లేకపోతే ఇంకో ఇల్లు.

ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ వస్తుంది కదా అని కొందరంటారు. ఆ క్రెడిట్ మనం నివసించే ఇంటికే, అమ్మే ఇంటికి ఎప్పుడూ లేదు. పైగా 2025 డిసెంబర్ 31 తర్వాత అమర్చిన వాటికి అదీ తీసేశారు. దాన్ని లెక్కలోకి తేకండి.

అన్ని ఇళ్లలోనూ ఏసీ మార్చాల్సిందేనా? అవసరం లేదు. ఎనిమిదేళ్ల లోపుది, 410ఏ గ్యాస్‌ది, లోపలా బయటా జతగా వేసింది అయితే ఉంచేయండి. మంచి మెకానిక్ చేత కాయిల్ కడిగించి, సర్వీసు చేయించి, ఆ రసీదు దాచండి. రిటర్న్ దగ్గర గాలికీ, గదిలోకి వచ్చే గాలికీ తేడా 15 నుంచి 20 డిగ్రీలుంటే ఏసీ తన పని తాను చేస్తోందని ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకుంటారు. పదిహేనేళ్లు దాటితే, నడుస్తున్నా సరే, మార్చేయమనే నా సలహా. ఈ రెంటి నడుమ ఉన్నవే తలనొప్పి. అక్కడ నేను చూసేది ఎవరు కొంటారని. మొదటి ఇల్లు కొనే చిన్న కుటుంబం, తక్కువ డౌన్‌పేమెంటుతో వచ్చేవాళ్లు, క్లోజింగ్ అయ్యాక చేతిలో పది వేలు మిగలని వాళ్లు. వాళ్లకి పన్నెండేళ్ల ఏసీ అంటే భయం. ఆ భయం ఆఫర్‌లో అసలు ఖర్చుని మించి కనిపిస్తుంది. అలాంటి ఇంటికి మార్చడమే లాభం. ఖరీదైన పేటలో నాలుగు లక్షల పైచిలుకు ఇంటికైతే కొంత తగ్గింపు ఇచ్చి ఊరుకోవచ్చు.

ఎన్ని టన్నులు వేయాలో పాతదాన్ని చూసి చెప్పేవాణ్ణి నమ్మకండి. 500 చదరపు అడుగులకో టన్ను అని గుండుగుత్తగా చెప్పేవాణ్ణి కూడా. మాన్యువల్ జె అని ఒక పద్ధతి ఉంది, కిటికీలు, దిక్కులు, ఇన్సులేషన్ అన్నీ చూసి లెక్క కడతారు, అది అడగండి. మీరు ఎలాగూ రెండు అద్దాల కిటికీలు పెట్టి, ఆటిక్‌లో కొత్త ఇన్సులేషన్ ఊదిస్తున్నారు. అప్పుడు నాలుగు టన్నులున్న ఇంటికి మూడున్నరే చాలుతుందేమో. అవసరానికి మించిన ఏసీ గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ తీయదు, ఇల్లంతా ఒక రకమైన ముక్కవాసన. గరాజ్‌ని గదిగా మార్చేవాళ్లు మాత్రం దీనికి తిరగేసి ఆలోచించాలి. ఆ గదికీ చల్లదనం, వేడి కావాలి. ఏడాది పొడవునా మనుషులుండే వీలు లేకపోతే అప్రైజర్ దాన్ని ఇంటి వైశాల్యంలో కలపకపోవచ్చు. ఉన్న డక్టుకి ఇంకో గొట్టం తగిలించి మమ అనిపించకుండా, దానికో మినీ స్ప్లిట్ ఖర్చు రాసుకోండి.

ఇక ఎప్పుడు పెట్టించాలన్న ప్రశ్న. దీని మీద పనివాళ్లే తలా ఒక మాట చెబుతారు. ఫ్లోరింగ్ అతను "ఇల్లు చల్లగా ఉంటే తప్ప చెక్క వేయను" అంటాడు. పెయింటర్‌కి కూడా ఏసీ కావాలి. వీళ్ల మాట విని ముందే పెట్టిస్తే రెండు ముప్పులు. ఒకటి షీట్‌రాక్ దుమ్ము. గోడలు సాఫు చేసేటప్పుడు లేచే ఆ తెల్లటి పిండి ఫిల్టరు దాటి, తడిగా ఉన్న కాయిల్ మీద పడి పేస్టులా గట్టిపడుతుంది. నెల తిరగకముందే కొత్త ఏసీ పాతదైపోతుంది. రెండోది దొంగలు. మనుషులు లేని ఇల్లు, ముందు చెత్త డంప్‌స్టర్, పక్కన కొత్త యూనిట్. రాగి కోసం రాత్రికి రాత్రే పైపులు కోసి పట్టుకుపోతారు. మామూలు ఇంటి పాలసీలు ఖాళీ ఇంట్లో జరిగిన దొంగతనాలకి చాలాసార్లు వర్తించవు. ఖాళీ ఇళ్లకిచ్చే పాలసీ తీసుకున్నారో లేదో, అందులో ఏసీ ఉందో లేదో ముందే చదువుకోండి.

నేను చెప్పే వరస ఇది. గోడలు, సీలింగు మూయకముందే డక్టులు, రిటర్న్, డ్రెయిన్ పైపు, రాగి గొట్టాలు వేయించండి. గాలి బయటికొచ్చే జాలీలన్నిటికీ ప్లాస్టిక్ కట్టండి. దుమ్ము పనులన్నీ అయ్యేదాకా కిటికీ ఏసీలు రెండు కొని నడపండి, పని అయ్యాక అమ్మేసుకోవచ్చు. దుమ్మంతా తుడిచాక కాయిల్, ఫర్నేస్. బయటి యూనిట్ ఫోటోలు తీసే వారంలో. కాంట్రాక్టరుతో ఈ రెండు విడతల మాట ముందే ఒప్పందంలో రాయించుకోవాలి, లేకపోతే రెండోసారి రావడానికి విడిగా డబ్బులడుగుతాడు. అన్నట్టు, మన ఊళ్లో 2011లో వంద డిగ్రీలకు చేరిన, దాటిన రోజులు 71. అలాంటి ఎండాకాలంలో జూన్ నుంచి ఆగస్టు దాకా ఏసీ వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు. వీలైతే మార్చిలోనో అక్టోబర్‌లోనో ఈ పని పడేలా చూసుకోండి.

కాంట్రాక్టరు ఎంపికలో నేను చూసేది లైసెన్సు. టెక్సస్‌లో ఏసీ లైసెన్సులు టీడీఎల్‌ఆర్ అనే రాష్ట్ర శాఖ ఇస్తుంది. నంబరు టీఏసీఎల్‌ఏ అనో టీఏసీఎల్‌బీ అనో మొదలవుతుంది, బండి మీద రాసి ఉండాలి. వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే నిమిషంలో తెలుస్తుంది. తెలిసిన కుర్రాడున్నాడు, క్యాష్‌కి సగం ధరకి వేస్తాడు అంటే వద్దనండి. అమర్చాక పైపుల్లో నైట్రోజన్ నింపి లీకు చూశాడా, తర్వాత వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల దాకా లాగాడా అని అడగండి. మంచి పనివాడు మీటరు చూపిస్తాడు. నసిగేవాడు నసుగుతాడు.

హీటింగ్ గురించి మనవాళ్లకి కొంచెం చిన్నచూపు. "డాలస్‌లో చలి ఎన్నాళ్లండీ" అంటారు. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను చూసినవాళ్లు ఆ మాట అనరు. ఆ వారం తర్వాత ఇల్లు కొనేవాళ్లు ఫర్నేస్ గురించి అడగడం మొదలుపెట్టారు. డబ్బు సంగతి అటుంచండి. పాత గ్యాస్ ఫర్నేస్‌లో హీట్ ఎక్స్ఛేంజర్ అనే ఇనుప గది చిట్లితే కార్బన్ మోనాక్సైడ్ పడకగదుల్లోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అలాంటి ఫర్నేస్ పైన వదిలేసి కింద వంటగది తళతళలాడించి అమ్మితే, పైన పటారం లోన లొటారం అన్నది చిన్న మాటే అవుతుంది. ఇందులో బేరం లేదు, చిట్లితే మార్చాల్సిందే. ఎఫ్‌హెచ్‌ఏ లోనుతో వచ్చే కొనుగోలుదారులకి కూడా ఇంట్లో శాశ్వతమైన, పనిచేసే హీటింగ్ తప్పనిసరి. అన్నట్టు ఆ లోనువాళ్లు మీరు ఇల్లు కొని 90 రోజులు దాటనిదే మీ అమ్మకం ఒప్పందాన్ని ఒప్పుకోరు. ఆ లోపు హడావిడిగా ఏసీ పెట్టి ప్రయోజనం లేదు.

ఇల్లు మార్కెట్‌లో పెట్టాక జరిగేది తెలుసుకదా. కొనేవాళ్లు కొంత ఫీజు కట్టి, కొనకుండా వెనక్కి తగ్గే వీలున్న ఆప్షన్ పీరియడ్ తీసుకుంటారు, ఇన్‌స్పెక్టర్‌ని పంపుతారు. టెక్సస్ ఇన్‌స్పెక్షన్ ఫారంలో మూడో భాగమంతా హీటింగ్, ఏసీలదే. అక్కడ లోపం గడిలో టిక్కు పడితే, వాళ్లు ఏదో కంపెనీ దగ్గర మామూలు ఖాతాదారు ధరకి ఎస్టిమేట్ తెచ్చి మీ ముందు పెడతారు. మీ కాంట్రాక్టరు 10,000కి చేసే పని అందులో 15,000 ఉంటుంది. వాళ్లు వెళ్లిపోతే పోనీ అనుకోవడానికి లేదు. ఆ లోపం ఇప్పుడు మీకు తెలిసిన విషయం, తర్వాతివాళ్లకి డిస్‌క్లోజర్‌లో చెప్పక తప్పదు. ఈలోగా నెల వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

చివరగా వారంటీ. చాలా కంపెనీలు కొత్త యంత్రాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే విడిభాగాలకి 10 ఏళ్లు ఇస్తాయి, చేయకపోతే 5 ఏళ్లే. నమోదుకి గడువు అమర్చిన రోజు నుంచి కొందరికి 60 రోజులు, కొందరికి 90. మన ఫ్లిప్పుల్లో తిరకాసు ఏమిటంటే, జనవరిలో పెట్టించి మే నెలలో అమ్మితే ఆ గడువు మన చేతిలోనే దాటిపోతుంది. యజమాని మారితే వారంటీ తగ్గించే కంపెనీలున్నాయి, ఫారం నింపితే కొత్త యజమాని పేరు మీదికి మార్చేవీ ఉన్నాయి. యంత్రం కొనకముందే ఈ సంగతి అడిగి, అమ్ముడుపోయినా వారంటీ నిలిచే కంపెనీదే ఎంచుకోండి. మోడల్, సీరియల్ నంబర్లు, పర్మిట్ ఫైనల్ కాగితం, కాంట్రాక్టరు రసీదు, వారంటీ నమోదు కాగితం, అన్నీ ఒక కవర్లో పెట్టి ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లకి వంటగట్టు మీద కనబడేలా ఉంచండి. క్లోజింగ్ రోజున అదే కవరు కొత్తవాళ్ల చేతికివ్వండి, వారంటీ మార్చుకునే ఆఖరి తేదీ పైన పెద్దక్షరాలతో రాసి మరీ ఇవ్వండి.